అక్క నెత్తురు

లోపల పక్క మారుస్తున్నాం, కాసేపు బయట కూర్చో చెల్లీ, అని నర్సు తలుపు వేసేసింది. ఇతోహాన్ వరండాలో బల్ల మీద కూలబడింది, కూర్చోగానే తుంటి ఎముక కలుక్కుమంది. అక్కడ నొప్పి ఉండే వీలే లేదని డాక్టరమ్మ ఎప్పుడో తేల్చేసింది. సూదులు దించి మూలుగ తీసిన చోట చర్మం పూడిపోయింది, వేలితో తడిమినా మచ్చ దొరకదు, అయినా ఈ బల్ల మీద కూర్చున్నప్పుడల్లా ఆ ఎముక ఏదో అడగబోయి ఊరుకున్నట్టు ఒకసారి పోటు పెడుతుంది. అడిగితే ఏం చెప్పాలి దానికి? నీ దగ్గర తీసుకున్నది నా తమ్ముణ్ణి చంపుతోందని చెప్పాలా? పొద్దున డాక్టర్ ఒమొరూయి ఆమెను పక్కకు పిలిచి, కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని, రక్తపోటు నిలబడటం లేదమ్మా, వాడు మాట్లాడగలుగుతున్నప్పుడే మాట్లాడుకో, ఈ పూట వెళ్లు, రేపటికి పెట్టుకోకు అంది. కళ్లజోడు తీసి మాట్లాడినప్పుడే ఇతోహాన్‌కి అర్థమైపోయింది. ఆమె ఏ చెడ్డమాటా కళ్లజోడుతో చెప్పదు.

పక్క మార్చడమంటే మామూలు పని కాదిప్పుడు. దుప్పటి లాగితే దానితో పాటు చర్మం వస్తుంది. ముందు నూనె గుడ్డలు పరిచి, నలుగురు పట్టుకుని, మెత్తగా ఎత్తాలి. తలుపు అవతల నర్సులు ఒకళ్లకొకళ్లు చెప్పుకునే మాటలు వినిపిస్తున్నాయి, మెల్లగా, ఆ కాలు కాదు, ఇటు, ఇటు. తమ్ముడు ఎసోసా గొంతు మాత్రం వినిపించడం లేదు. చిన్నప్పుడు వాడి అరుపులు వీధి చివరి దాకా వినిపించేవి. సికిల్ సెల్ నొప్పులు వచ్చాయంటే బెనిన్ ఊళ్లో ఆ ఎర్రమట్టి సందులో ఎవరూ అన్నం తినేవాళ్లు కారు. వాన చినుకు పడినా, చల్లగాలి తగిలినా, ఒక్క ఆట బంతి ఆడినా వాడి నెత్తురు కొడవళ్లలా వంకరపోయి కీళ్లలో అడ్డం పడేది. అమ్మ వాణ్ణి వీపుకి కట్టుకుని పరిగెత్తేది, ఇతోహాన్ వెనకాల చెప్పులు పట్టుకుని. ఎందుకో ఎప్పుడూ చెప్పులు మోసే పని ఆమెదే. అందుకే వీధంతా అమ్మని ఎసోసా అమ్మా అనే పిలిచేది. మొదట పుట్టిన బిడ్డ పేరుతో పిలవాలి కదా ఎవరినైనా, ఇతోహాన్ అమ్మా అనాలి కదా, అని తొమ్మిదేళ్ల పిల్ల కూరగాయలమ్మే ఆవిడని నిలదీస్తే ఆవిడ నవ్వి, నిన్ను మోసుకుని ఎప్పుడైనా పరిగెత్తిందా మీ అమ్మ? అంది. అదీ నిజమే. ఆమెకి జ్వరం కూడా సరిగ్గా వచ్చేది కాదు. ఉక్కులాంటి ఒళ్లు. ఉక్కులాంటి నెత్తురు. డాక్టరమ్మ మొదటిసారి ఆమె పరీక్షల కాగితాలు చూసి, నీ రక్తం చూస్తే ముచ్చటేస్తోందమ్మాయ్ అంది, ఆ మాటకి తను ఎంతో మురిసిపోయింది.

మూలుగ ఇవ్వడానికి కలవాల్సిన గుర్తులన్నీ కలిశాయి అన్నారు. అక్కా తమ్ముళ్లలో నలుగురిలో ఒకరికి కలవడమే గొప్ప, మీకు మొత్తం కలిశాయి అన్నారు. ఆ రోజు ఇంట్లో పండగే. అమ్మ మేనమామలందరికీ ఫోన్లు చేసి చెప్పింది, ఓవో పులుసు పెట్టి పెండలం దంచింది, ఎసోసా సెల్‌ఫోన్లు బాగుచేసే తన బడ్డీ ముందు నిలబడి వచ్చేపోయేవాళ్లకి మా అక్క నన్ను మళ్లీ కంటోంది అని చాటింపు వేశాడు. మందుల వల్ల వాడి జుట్టంతా రాలిపోయాక, ఆమె మూలుగ తెచ్చి వాడి చేతికి ఎక్కించే రోజున, ఇదేదో పెద్ద యంత్రాలతో జరుగుతుందని అందరూ అనుకున్నారు. చూస్తే మామూలు రక్తం సంచి. కొంచెం ముదురు రంగు. ఇంతేనా? అన్నాడు వాడు. ఇంతే అంది నర్సు. దీనికా అక్క పొద్దుటి నుంచి కుంటుతూ నా ముందు నటిస్తోంది? అన్నాడు. ఇతోహాన్ నిజంగానే కుంటింది, కొంచెం ఎక్కువే కుంటింది, ఒక్కసారైనా ఇంట్లో అందరూ తననే చూస్తుంటే బాగుండి ఇంకాస్త కుంటింది. తరవాత ఆ సంచిలోది వాడి ఎముకల్లోకి తనంతట తనే దారి వెతుక్కుని వెళ్లి కూర్చుని మొలకెత్తింది. ఎవరూ చూపించక్కర్లేదట, దానికి తెలుసట. వాడి రక్తం గ్రూపు మారింది, ఆమెది వచ్చింది. కొడవళ్లు పోయాయి. అక్కకి ప్రాణమైన బెండకాయ పులుసు చూస్తే వాంతి చేసుకునేవాడు గిన్నె నాకాడు. చూశావా, నీ జిడ్డు నాకు పట్టిందే అన్నాడు. వాన పడింది, వాడు వాకిట్లోకి పోయి నిలబడ్డాడు, నొప్పి రాలేదు. ఇరవై మూడేళ్ల మగాడు వానలో తడిసి ముద్దై, నోరు తెరిచి ఆకాశం కేసి చూస్తూ నిలబడితే అమ్మ గుమ్మంలో కూర్చుని ఏడ్చింది.

అక్కడితో ఆగిపోయి ఉంటే. మనిషి జీవితంలో ఏదో ఒక రోజు దగ్గర అన్నీ ఆపేసే వీలుంటే ఇతోహాన్ ఆ వాన దగ్గర ఆపేసేది.

మాత్రలు మానకూడదని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. రక్తంలో కాపలావాళ్లు ఉంటారమ్మా అని ఆమెనీ, అమ్మనీ, వాణ్ణీ ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. తెల్ల కణాలు. ఒంట్లోకి కొత్తవాళ్లు ఎవరొచ్చినా పట్టుకుని చంపడం వాళ్ల పని. ఇతోహాన్ ఒంట్లో పుట్టి పెరిగిన కాపలావాళ్లకి తెలిసిన ఇల్లు ఇతోహానే. ఇప్పుడు వాళ్లని తీసుకొచ్చి ఇంకో ఇంట్లో పెట్టాం. పైకి అన్నీ కలిసినా లోపల మేము కొలవలేని తేడాలు చిన్నచిన్నవి ఉంటాయి. వాళ్లు కళ్లు తెరిచి చూస్తే గోడలు కొత్తవి, తలుపులు కొత్తవి. ఇదంతా పరాయిది అనుకుంటే మీద పడతారు. అందుకే కొన్నాళ్లు వాళ్లని నిద్రపుచ్చి ఉంచాలి, ఈ మాత్రలు అందుకు. మరి రోగాలొస్తేనో? అంది అమ్మ. అందుకే జనంలోకి పంపకండి, రక్షణశక్తి బాగా తక్కువగా ఉంటుంది అంది డాక్టరమ్మ. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మకి మిగతాదంతా ఒక చెవిలోంచి పోయింది, రక్షణశక్తి తక్కువ అన్న ముక్క ఒక్కటి లోపల ముల్లులా దిగబడింది. ఇరవై మూడేళ్లుగా అమ్మ చేసిన పనే అది, వాడిలో తక్కువైనదాన్ని నింపడం. ఉగు అనే గుమ్మడి జాతి ఆకు నలిపి పసరు తీసి తియ్యటి మాల్టు పానీయంలో కలిపి, పైన పాలు పోసి, రోజూ పొద్దున్నే, వాడు ముక్కు మూసుకుంటే తొడ మీద ఒక్కటి వేసి, తాగించి తాగించి వాడికి నెత్తురు పట్టించింది. ఆ వీధిలో సికిల్ సెల్ పిల్లలున్న తల్లులందరూ చేసేది అదే. నెత్తురు తక్కువైతే నెత్తురు పట్టించాలి. బలం తక్కువైతే బలం పట్టించాలి. ఇంతకన్నా తిన్ననైన ఆలోచన ఏ తల్లికి వస్తుంది?

మార్కెట్టులో వేళ్లూ బెరళ్లూ అమ్మే ఆవిడ దగ్గర అమ్మ ఒక పసరు సీసా తెచ్చింది. పచ్చగా, అడుగున మడ్డి. రక్షణశక్తి పెరుగుతుందట అంది. వాడు చేదుకి మొహం వికారంగా పెట్టి తాగాడు. ఇతోహాన్ పక్కనే కూర్చుని తన పూసల పనిలో ఉంది, ఎవరో పెళ్లికూతురి తలకట్టుకి పగడాలు గుచ్చుతోంది. చూసింది. అదేమిటమ్మా అని అడిగింది కూడా. బలానికే అంది అమ్మ. సరే అనుకుని మళ్లీ దారంలోకి చూపు తిప్పేసింది. సీసా మీద సీసా అయింది. వాడి అరచేతులు ఎర్రబడితే మిరపకాయల పని చేశావా అని వెక్కిరించింది. అరికాళ్లు మండాయి. మెడ మీద దద్దురు లేచింది. అప్పటికి ఆసుపత్రికి తెచ్చారు. చర్మం తరవాత పేగులు. పేగుల తరవాత కాలేయం, కళ్లు పసుపు. పెద్ద మందులు పెట్టారు, తగ్గలేదు. ఇంకా పెద్దవి పెట్టారు. డాక్టరమ్మ ఇతోహాన్‌ని తన గదిలోకి పిలిచి, రక్తంలో మాత్ర ఉండాల్సినంత లేదమ్మా, వేసుకుంటున్నాడంటున్నారు, మరి ఎటు పోతోంది, పసర్లేమైనా తాగాడా? అని అడిగింది. అప్పుడు సీసా గుర్తొచ్చింది. కొన్ని వేళ్లు మాత్రని ఒంట్లోంచి తొందరగా తోసేస్తాయి అంది డాక్టరమ్మ, దానివల్లేనని ఖాయంగా చెప్పలేను, అది తాగకపోయినా వచ్చేదేమో, కొందరికి వస్తుంది. ఆ 'ఏమో'ని పట్టుకునే ఇతోహాన్ ఇన్నాళ్లూ వేలాడుతోంది. అమ్మకి చెప్పకండి, ఊరికే పసర్లు వద్దనండి చాలు అంది. డాక్టరమ్మ ఆమె కేసి చూసి సరే అంది. కళ్లజోడు తీసే అంది.

"ఇటు చూడు."

అమ్మ ఎప్పుడు వచ్చిందో, ఎదురుగా నిలబడి ఉంది. తలగుడ్డ జారిపోయి ఉంది, ఒక చెవికే పోగుంది. చీర చెంగులా భుజాన వేసుకున్న గుడ్డ కొసన కట్టిన ముడి విప్పుతోంది. లోపల తెల్ల సుద్ద, కోడిగుడ్డంత. వాళ్ల ఇళ్లలో అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ మాటా మాటా వస్తే పెద్దవాళ్లు తెచ్చే సుద్ద అది. చేతిలో పట్టుకుని నా మనసు నీ పట్ల ఇంత తెల్లగా ఉంది అనాలి. లేకపోతే ఏముందో చెప్పి, వదిలేశాను అనాలి. అబద్ధం ఆడి పట్టుకోకూడదు.

"నీ మనసులో వాడి మీద ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పెయ్యవే. నేనేమీ అనను."

"ఏముంటుందమ్మా?"

"ఏమో మరి. నీ నెత్తురు వాణ్ణి తింటోందని డాక్టరమ్మే చెప్పింది. నెత్తురు ఊరికే తింటుందా? నీ లోపల ఏముంటే దాన్లోనూ అదే ఉంటుంది. ఒక్క తల్లి కడుపులో పుట్టి, అన్నీ కలిశాయని చెప్పి, చివరికి ఇదేమిటే? నాకెవరు చెప్తారు? నువ్వు కాకపోతే ఎవరు చెప్తారు?"

నీ సీసా. నాలుక చివర దాకా వచ్చింది. రెండు ముక్కలు. నీ సీసా అమ్మా. ఆ రెండు ముక్కలు అంటే చాలు, ఈ వరండాలోనే, ఈ బల్ల ముందే, అమ్మ ఇక లేవదు. ఇరవై మూడేళ్లు వీపున మోసిన తల్లి. నాన్న పోతే కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా తీరిక లేక వాడి మందుల వేళకి లేచిన తల్లి. కోపం లేదా తనకి? ఉంది. ఎందుకు లేదు? పూసల పని నేర్పిన గురువమ్మ ఆమెకి విడుదల ఇచ్చిన రోజు, ఇన్నేళ్ల పని అయిపోయింది, ఇక నీ దుకాణం నువ్వు పెట్టుకో అని నలుగురిలో దీవించే రోజు, తలలో పగడాలు పెట్టుకుని, పక్కన తల్లి నిలబడాల్సిన చోట ఖాళీగా ఉంచి, ఎంతసేపు గుమ్మం కేసి చూసిందో. ఎసోసాకి నొప్పులొచ్చాయి. ఇంకెవరికి వస్తాయి? గురువమ్మే తల్లి చోట నిలబడింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, వాడు మూలుగుతుంటే, ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నువ్వు పుట్టకపోతే బాగుండేది అనుకుంది. అనుకున్న వెంటనే నాలుక కరుచుకుని వాడి కాళ్లు పట్టింది. ఆ క్షణం నెత్తుట్లో ఉండిపోతుందా? తెల్ల కణాలు దాన్ని దాచుకుని ఇన్నాళ్లకి తీసి వాడి మీదకి విసురుతాయా? విసరవు. డాక్టరమ్మ చెప్పింది, అది కోపం కాదు, పగ కాదు, దాని పని అది చేస్తోంది అంతే అని. ఇతోహాన్‌కి ఆ సంగతి పూర్తిగా తెలుసు. తెలిసి కూడా చెయ్యి చాచింది.

"ఉందమ్మా" అంది. "కోపం ఉండేది. నా విడుదలకి నువ్వు రాలేదని. వాడి మీద పెట్టుకున్నాను. తప్పు నాదే. వదిలేశాను. ఇదిగో."

అమ్మ కళ్లు మూసుకుంది. మొహంలో ఏదో సడలింది. ఎందుకు జరిగిందో తెలిసినవాళ్ల మొహంలా అయింది, అమ్మకి ఆ కాస్త ఊరట దొరికినందుకు ఇతోహాన్‌కి బాధగానూ, సంతోషంగానూ అనిపించింది. ఇక జన్మంతా అమ్మ తనని ఇలాగే చూస్తుంది. చూడనీ. సుద్ద తీసి అమ్మే ఆమె మోచేతి మడతలో, నరం ఉన్న చోట, గట్టిగా రాసింది. తెల్లటి గీత పడింది. "పో, పోయి వాణ్ణి ముట్టుకో" అంది. "పిచ్చిదానా, ముందే చెప్తే ఏం పోయేదే?" అంది మళ్లీ. తిట్టనన్న మనిషి.

తలుపు తెరిచిన నర్సు ఆ గీత చూసి కెవ్వుమన్నంత పని చేసింది. ఏమిటిది, ఆ మట్టితో లోపలికా, పేషెంటుకి ఒళ్లంతా పుండు, నీకు బుద్ధుందా చెల్లీ, పద పద. కుళాయి కింద మోచేతులదాకా సబ్బుతో తోమించింది. తెల్లటి నీళ్లు తొట్టిలోకి జారిపోయాయి. గౌను, ముసుగు, చేతులకి తొడుగులు. అద్దం అవతల నుంచి అమ్మ చూస్తోంది, కుళాయి గోడ చాటున ఉంది కాబట్టి ఆమెకి కడగడం కనిపించలేదు, చేతులు ముడుచుకుని ప్రార్థన చేసుకుంటోంది.

మంచం మీద ఎసోసా చాలా కొంచెం ఉన్నాడు. కళ్లు మాత్రం వాడివే. పెదవులు పగిలి ఎండి ఉన్నాయి, మాట గాలితో కలిసి వస్తోంది, ఆమె వంగి చెవి పెట్టాల్సి వచ్చింది.

"సుద్ద పట్టించిందా?"

"నీకెలా తెలుసురా?"

"నన్నూ అడిగింది. అక్కకి నీ మీద కోపముందా అని." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "బోలెడుందన్నాను."

"చచ్చినోడా" అంది, అని ఆ మాటకి తనే ఉలిక్కిపడింది. వాడి కళ్లు నవ్వాయి.

"సీసా సంగతి చెప్పావా?"

వాడికీ తెలుసన్నమాట. ఎప్పటి నుంచి తెలుసో.

"చెప్పకక్కా. నేను లేకపోయినా చెప్పకు. చేదుగా ఉంటే మంచిదే అనుకుని తాగాను. నేనే ఇంకో సీసా తెమ్మన్నాను."

"చెప్పను."

"నీ మీద వేసుకున్నావా?"

ఆమె తల ఊపింది. వాడు కళ్లు మూసుకున్నాడు. కన్నీళ్లు రావడానికి కూడా వాడి ఒంట్లో నీళ్లు మిగల్లేదు, రెప్పలు ఊరికే వణికాయి. యంత్రం మీద అంకెలు కిందకి దిగుతున్నాయి, ఆమె అటు చూడకూడదనుకుని వాడి చేతి కేసి చూసింది. కట్లు లేని చోటు మణికట్టు దగ్గర ఒక్కటే ఉంది, నాణెమంత. అక్కడ వేలు పెట్టింది. తొడుగులోంచి కూడా తెలుస్తోంది, సన్నగా, గబగబా కొట్టుకుంటోంది. అది తనది. వాడి లోపల పరిగెడుతున్నది తన నెత్తురు. ఛీ, సిగ్గులేదా నీకు, ఆగవా, ఆగవా అని లోపలే తిట్టింది.

"దాన్ని తిట్టకక్కా" అన్నాడు వాడు, పైకి అన్నట్టే. "దానికి కోపం లేదు. పాపం, నేనెవరో తెలీదు దానికి. ఎవరూ చెప్పలేదు."

"ఎవరు చెప్తార్రా దానికి?"

"నువ్వు చెప్పు. నీ మాట వింటుంది."

వెక్కిరిస్తున్నాడో నిజంగానే అంటున్నాడో తెలియలేదు, వాడితో ఎప్పుడూ అంతే. అద్దం అవతల అమ్మ ఉంది, నర్సు మూలన సెలైను సంచి మారుస్తోంది, ఇంత పెద్ద మనిషి ఒక మణికట్టుతో మాట్లాడటం ఏమిటి. ఇతోహాన్ వంగింది. ముసుగు వాడి చర్మానికి తగలకుండా దగ్గరగా పెట్టి మొదలుపెట్టింది. ఇదిగో, వినండి. వీడు ఎసోసా. పరాయివాడు కాదు. నా తరవాత మా అమ్మకి పుట్టినవాడు, మీరున్న ఎముకలు మా నాన్న ఎముకలే. వీడు పుట్టినప్పుడు నా చెవి కొరికాడు, పళ్లు లేకుండానే కొరికాడు. వీడు మొదటి ఫోను బాగుచేసిన రోజు నాకు చెప్పులు కొన్నాడు, రెండూ ఎడమకాలివే, కుడికాలివి అమ్ముకున్నాడని ఆ దుకాణం వాడితో తగువు పెట్టుకున్నాడు. ఎసోసా పెదవుల చివర కదిలింది. వీడికి మేకలంటే భయం. ఎంత భయమంటే బడికి పోయే దారిలో ఒక మేక పడుకుని ఉంటే అది లేచి పోయేదాకా నన్ను ముందు నిలబెట్టి వెనక దాక్కునేవాడు, నేను కదిలితే నా గౌను పట్టుకుని అక్కా, అది నన్నే చూస్తోంది అనేవాడు.

"చూసేది" అన్నాడు ఎసోసా.

ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది. బంతి ఆడొద్దంటే గోలు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఆడినవాడు. పాట పాడితే శ్రుతి ఉండదు, ఆపమంటే ఆపడు. పెళ్లి చేసుకుంటానని ఎదురింటి పిల్లకి మాటిచ్చాడు, ఆ పిల్లకి ఇంకా తెలీదు. వీణ్ణి ముట్టుకోకండి. నా వాడు. నేను మిమ్మల్ని ఇచ్చింది వీణ్ణి చూసుకోమని. యంత్రం ఆగకుండా కూసింది, డాక్టరమ్మ పరుగున వచ్చింది, ఎవరో అద్దం మీద అరచేతులతో బాదారు, ఎవరో ఆమె భుజం పట్టుకుని ఇటు రా చెల్లీ, రా అన్నారు, కొంతసేపటికి ఎవరో ఆ యంత్రం నోరు నొక్కేశారు, ఇతోహాన్ మాత్రం మణికట్టు మీద నుంచి వేలు తియ్యలేదు. తమ్ముడు విన్నది ఆ మేక దాకానే. మిగతాదంతా ఆమె తన నెత్తురికే చెప్పింది, అది చల్లబడేదాకా.